కొలువు కోరే లేఖ

ఉద్యోగం కోరుతూ వ్రాసే కాగితానికి మన వ్యవహారంలో నాలుగైదు పేర్లున్నవి. దరఖాస్తు పారసీకం నుంచి వచ్చిన మాట. అర్జీకి మూలం అరబ్బీ. రెండింటికీ అర్థం మనవి చేసుకోవడమే. విజ్ఞాపన సంస్కృతం సొత్తు. తెలియజేయడమని దాని మొదటి అర్థమైనా వాడుకలో అదీ వేడికోలు వైపే ఒరిగిపోయింది. ఇంగ్లీషు చదువులతో బయోడేటా వచ్చి, పెండ్లి సంబంధానికీ కొలువుకూ పనికివచ్చే ఉమ్మడి కాగితంగా స్థిరపడింది. నేడు పట్టణాలలో అందరి నోటా వినవచ్చే మాట రెజ్యూమె. ఫ్రెంచి భాషలో దానికి సంగ్రహమని అర్థం. ఒక మనిషి చేసిన పని యొక్క సంగ్రహమన్న మాట. ఈ పేర్లన్నింటిలోనూ వేడికోలు వాసన లేనివి ఈ చివరి రెండే కావడం గమనించదగినది.

పేరును బట్టి వ్రాత సాగడం సహజం. ఉన్నత పాఠశాలలో లేఖారచన నేర్పేటప్పుడు విద్యార్థి మొట్టమొదట వ్రాసేది సెలవు చీటీ. జ్వరము చేత రాలేకపోయితిని, దయతో సెలవు మన్నింపగోరుచున్నాను, ఇట్లు తమ విధేయుడు. ఇంగ్లీషు వాచకంలోని నమూనా లేఖ కూడ దొరల కాలపు కచేరీ మర్యాదతోనే నడుస్తుంది. ఈ చీటీలో తప్పేమీ లేదు. సెలవు అడిగేవాడు మనవి చేసుకోవలసిందే. కాని ఆ విద్యార్థే పెద్దవాడై, పదేండ్లు పాఠాలు చెప్పిన పిదప మరొక పాఠశాలలో చేరదలచినప్పుడు కూడ చేతికి వచ్చేది ఆ చీటీ ధోరణియే. పెద్ద కుటుంబం, వృద్ధులైన తల్లిదండ్రులు, చాలని జీతం, ఈ ఉద్యోగం దయచేసిన యెడల తమ మేలు మరువను. వ్రాసినవన్నీ నిజాలే కావచ్చును. అవతల ఆ కాగితం చదివే ప్రధానోపాధ్యాయునికి కావలసిన సంగతి మరొకటి. బడులు తెరిచిన మరునాడు పదవ తరగతికి గణితం ఎవరు చెప్పగలరు? ఆయన రెండు పుటలు తిరగవేసినా ఆ జవాబు దొరకదు.

ఇట్టి లేఖలకు పాత ఉదాహరణగా తరచు చెప్పేది లియొనార్డో డా విన్సీ వ్రాసినది. 1482 ప్రాంతంలో, ఇంచుమించు ముప్పది ఏండ్ల వయస్సులో, ఆయన మిలాను పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువు కోరి ఒక లేఖను సిద్ధం చేశాడు. లోకం ఆయనను చిత్రకారుడుగా ఎరుగును. ఆ లేఖలో చిత్రలేఖనం ప్రస్తావన చివరికి గాని రాదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ముందుగా యుద్ధోపకరణాలు చెప్పాడు. సులువుగా మోసుకుపోగల వంతెనలు, కోట చుట్టూ ఉన్న అగడ్తలోని నీటిని తోడివేసే ఉపాయం, చప్పుడు లేకుండా త్రవ్వే సొరంగాలు, ఫిరంగులు, కప్పు గల రథాలు. శాంతి సమయంలో భవనాలు కట్టగలననీ, నీటిని ఒక చోటినుంచి మరొక చోటికి నడపగలననీ పిదప చేర్చాడు. శిల్పం, చిత్రం ఆ తరువాత. ఇటలీ సంస్థానాలు ఒకదానితో ఒకటి కలహించుకొనే రోజులవి. ప్రభువుకు ముందుగా కావలసినది ఏదో లియొనార్డోకు తెలుసు. తన మాటలు నమ్మశక్యం కానివని ఎవరికైనా తోచిన యెడల, ప్రభువు ఉద్యానంలోనే చేసి చూపగలనని ముగించాడు. లేఖ ప్రతి నేటికీ మిలానులో ఉన్నది. అందులోని దస్తూరీ ఆయనది కాదు.

అయితే ఆ పదింటిలో ఎన్నిటిని అప్పటికి ఆయన స్వయంగా నిర్మించి చూశాడని అడిగితే జవాబు అంత సుఖంగా ఉండదు. ఈ లేఖనుంచి నేర్చుకోదగినది వరుస; ఆ ధైర్యాన్ని మాత్రం అనుకరించవద్దని చెప్పడం మంచిది.

మన దేశంలో ఇంతకంటె దగ్గర ఉదాహరణ శ్రీనివాస రామానుజన్. ఆయన్ను గురించి చెప్పేవారు సాధారణంగా ప్రతిభను గురించి చెబుతారు. ఉద్యోగం కోసం ఆయన పడిన పాట్లు ఒక పాఠం. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. ఎఫ్.ఏ. కుంభకోణంలో సాగలేదు, మద్రాసులో పచ్చయ్యప్ప కళాశాలలోనూ సాగలేదు. గణితం తప్ప తక్కిన వాటిపై మనస్సు నిలవలేదు. చేతిలో పట్టా లేదు, నోటుపుస్తకాలు ఉన్నవి. ఆ పుస్తకాలు పట్టుకొని తిరుకోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యరు వద్దకు వెళ్లి చిన్న గుమాస్తా పని ఇప్పించమన్నాడు. 1907లో భారతీయ గణిత సంఘాన్ని స్థాపించినది ఆ రామస్వామి అయ్యరే. పుస్తకాలు చూసిన ఆయనకు, ఇట్టివానిని రెవెన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. పరిచయ లేఖలు ఇచ్చి పంపాడు. ఆ పరిచయాల వెంట పోయి పోయి రామానుజన్ చివరకు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఎదుటకు చేరాడు. 1910 చివరి మాట ఇది. రామచంద్రరావు గారు కొన్ని నెలలపాటు తన సొంత సొమ్ముతో ఆయనను పోషించారు. ఊరక కూర్చుండి తినడం రామానుజన్‌కు రుచించలేదు.

1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పని ఖాళీగా ఉన్నదని విని దరఖాస్తు పెట్టాడు. కొద్ది వాక్యాల పాటి లేఖ అది. ఖాళీ ఉన్నదని తెలిసింది, దానిని కోరుచున్నాను. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాను, ఎఫ్.ఏ. వరకు చదివాను, ప్రతికూల పరిస్థితుల వల్ల చదువు సాగలేదు. అప్పటినుంచి కాలమంతా గణితానికే వినియోగించుచున్నాను. నియమించిన యెడల పనికి న్యాయం చేయగలనన్న నమ్మకమున్నది. అంతే దాని సారం. చదువు ఆగిపోయిన సంగతి దాచలేదు, దానిపై కన్నీరూ కార్చలేదు. తన సిద్ధాంతాలలో ఒక్కటి కూడ అందులో వ్రాయలేదు. లెక్కల గుమాస్తా కావలసినవానికి అనంతశ్రేణులతో పని ఏమున్నది? దరఖాస్తుతో ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన యోగ్యతాపత్రం జత చేశాడు. ఆ ఆచార్యుడు కూడ తెలివైనవాడు. ఈ యువకుని గణితశక్తి అసాధారణమని చెప్పి ఊరుకోక, అంకెల పనిలో మిక్కిలి వేగం గలవాడని చేర్చాడు. ఉద్యోగం ఇప్పించినది ఆ చివరి ముక్కయే అయి ఉండవచ్చును. మార్చి 1 నుంచి నెలకు ముప్పై రూపాయల జీతంతో రామానుజన్ పనిలో చేరాడు.

ఒక కొలువులో ఉంటూ దానికంటె తగిన చోటును వెదకడం అప్పుడు మొదలైంది. పోర్టు ట్రస్టులో పై అధికారులు నారాయణ అయ్యరు, సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇరువురూ ఆయనను ప్రోత్సహించారు. ఇట్టి అదృష్టం అందరికీ పట్టదు. కేంబ్రిడ్జిలో ఇద్దరు గణితాచార్యులకు వ్రాసిన లేఖల వల్ల ఫలితం కలుగలేదు. 1913 జనవరి 16న జి.హెచ్. హార్డీకి వ్రాశాడు.

పదకొండు నెలల ఎడంలో ఒకే చేయి వ్రాసిన ఈ రెండు లేఖలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడడం ఉపాధ్యాయులకు మంచి పాఠం కాగలదు. గుమాస్తా దరఖాస్తులో గణితం లేదు; హార్డీ లేఖలో గణితం తప్ప ఇంచుమించు మరేమీ లేదు. పోర్టు ట్రస్టులో గుమాస్తాననీ, ఏడాదికి ఇరవై పౌనులు మాత్రమే జీతమనీ మొదటి వాక్యంలో చెప్పాడు. విశ్వవిద్యాలయ విద్య లేదన్నాడు. (వయస్సు ఇరవై మూడు ప్రాంతమని వ్రాశాడు గాని అప్పటికి ఇరవై అయిదు నిండినవి.) ఆ పైన సూటిగా హార్డీ ప్రచురించిన గ్రంథంలోని ఒక పుటకు వెళ్లాడు. ఒక సంఖ్యకు లోపల ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నవో తెలిపే సూత్రం ఇంకను దొరకలేదని మీరు అన్నారు, దానికి ఎంతో దగ్గరగా వచ్చే సూత్రం నా వద్ద ఉన్నదని వ్రాశాడు. ఆ తరువాత పుటలకు పుటలు సిద్ధాంతాలు. చివరలో, పేదవాడనని ఒక్క మాట. వీటిలో విలువ ఉన్నదని తోచితే అచ్చు కావలెనని కోరిక.

విచిత్రమేమనగా ప్రధాన సంఖ్యలను గురించిన ఆ మాట నిలువలేదు. దానిలో పొరపాటున్నది. తక్కిన పుటలు నిలిచాయి. హార్డీ, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్ వాటిని పరిశీలించి, ఇవి నిజమై ఉండవలె, లేకపోతే ఇట్టివి ఊహించగల కల్పనాశక్తి ఎవరికున్నదన్న నిర్ణయానికి వచ్చారు. ఆ ఏడే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు డెబ్బై అయిదు రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914 మార్చిలో ఆయన ఓడ ఎక్కాడు.

చదివేవానిని ఎరిగి వ్రాయకపోతే ఎంతటి నిదర్శనమైనా వ్యర్థమన్నదానికి ఐన్‌స్టైన్ కథ ఉన్నది. 1900లో జ్యూరిచ్ పాలిటెక్నిక్ పట్టా పుచ్చుకొని రెండేండ్లు ఉద్యోగం కోసం తిరిగాడు. ఆచార్యులకు జాబులు వ్రాశాడు. రసాయన శాస్త్రవేత్త ఆస్ట్వాల్డ్‌కు ఒకసారి వ్రాసి, జవాబు రాక రెండవసారి వ్రాశాడు. కొడుకు దిగులు చూడలేక తండ్రి అతనికి తెలియకుండా ఆస్ట్వాల్డ్‌కు మరొక ఉత్తరం వ్రాశాడు. వింటర్‌థూర్‌లో తాత్కాలిక ఉపాధ్యాయుడుగా పాఠాలు చెప్పాడు. చివరకు సహపాఠి గ్రాస్‌మన్ తండ్రి చెప్పిన మాటతో 1902లో బెర్న్ పేటెంటు కార్యాలయంలో మూడవ తరగతి నిపుణుడుగా చేరాడు. ఇంతవరకు చాలమందికి తెలిసినదే. తెలియనిది 1908 నాటి సంగతి. సాపేక్ష సిద్ధాంతం అచ్చయి అప్పటికి మూడేండ్లు. పేటెంటు కార్యాలయంలో ఉద్యోగం ఉండగానే జ్యూరిచ్‌లో ఒక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టాడు. అవసరమైతే భౌతికశాస్త్రం కూడ చెప్పగలనన్నాడు. తన శాస్త్ర వ్యాసాలన్నీ జతపరిచాడు. దరఖాస్తు పెట్టినవారు 21 మంది. చివరికి మిగిలిన ముగ్గురిలో ఐన్‌స్టైన్ పేరు లేదు.

ఆ పాఠశాలవారిని చూసి నవ్వడం సులువు. వారికి కావలసినవాడు పిల్లలకు రేఖాగణితం చెప్పగలవాడు. వారి బల్లమీద పడినది కాంతి వేగాన్ని గురించిన వ్యాసం. ఏ తరగతికి ఏమి చెప్పాడు, ఎట్లు చెప్పాడు అన్నదానికి ఆ వ్యాసాలు సాక్ష్యం కావు. అదే కాగితాలు విశ్వవిద్యాలయం చేతిలో వేరు విలువ పొందాయి. మరుసటి ఏడు జ్యూరిచ్ విశ్వవిద్యాలయమే ఆయనను ఆచార్యునిగా తీసుకున్నది.

నేటి ఉపాధ్యాయుని మాటకు వస్తే, సర్కారు కొలువుల సంగతి వేరు. అక్కడ పోటీ పరీక్ష ఉన్నది, నిర్ణీతమైన ఫారం ఉన్నది. గడులు తప్పులేకుండా నింపడమే పని. స్వంత వ్రాతకు చోటున్నది ప్రైవేటు పాఠశాలలలో, కళాశాలలలో, కంపెనీలలో. అక్కడ ఒక పుట, మహా అయితే రెండు పుటలు చాలును. నేడు చేస్తున్న పని ముందు, పాతది వెనుక. కష్టపడి పనిచేయు స్వభావము కలవాడను అన్న వాక్యం వేయిమంది వ్రాస్తారు. తొమ్మిది, పది తరగతులకు ఆరేండ్లుగా భౌతికశాస్త్రం, తరగతికి నలభై మంది, ప్రయోగశాల లేని బడిలో ఊళ్లో దొరికే సామగ్రితో ప్రయోగాలు అన్న వాక్యాన్ని ఆ పని చేసినవాడే వ్రాయగలడు. చదివేవానికి అప్పుడు ఒక మనిషి కనబడతాడు. తండ్రి పేరు, కులం, పెండ్లి అయినదీ లేనిదీ, ఇవన్నీ బయోడేటా నాటి అలవాట్లు. అడిగితే తప్ప వ్రాయవలసిన పని లేదు. పెద్ద సంస్థలలో మనిషి కంటె ముందు యంత్రమే ఈ కాగితాలను జల్లెడ పడుతున్నది. పెట్టెలు, గీతలు, రంగులు దానికి అడ్డు. ప్రకటనలో వారు వాడిన మాట తన పనికి నిజంగా వర్తించినప్పుడు ఆ మాటనే వాడడం మేలు.

మధ్యలో పని లేని కాలం చాలమందిని బాధిస్తుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు తెలుగు నాట ప్రైవేటు ఉపాధ్యాయులు ఎందరో జీతాలు లేక కూలికి పోయారు, కూరగాయలు అమ్మారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు రెండు వేల రూపాయలు, ఇరవై అయిదు కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చింది. ఆ రెండేండ్లను కప్పిపుచ్చడానికి తేదీలు సాగదీసిన కాగితాలు లేకపోలేదు. అది ప్రమాదం. పాత యజమానిని విచారించిన నాడు తేలిపోతుంది. పాఠశాల మూతపడిన కారణంగా ఇతర వృత్తి అని ఒక పంక్తి వ్రాయడంలో సిగ్గుపడవలసినది ఏదీ లేదు. రామానుజన్ ప్రతికూల పరిస్థితులన్న రెండు మాటలతో అయిదారేండ్లు దాటివేశాడు.

ఖాళీలు ఎక్కడున్నవో తెలియడం మరొక చిక్కు. అన్నీ పత్రికలకు ఎక్కవు. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో, కొత్త ఉద్యోగంలో చేరిన వారిని, ఈ కబురు మీకు ఎవరు చెప్పారని అడిగి చూశాడు. ఎరిగినవారి ద్వారా తెలిసిందన్న వారిలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పినది ఆప్తమిత్రులు కారు. ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్థులు. ఆప్తులకు తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది. దూరపువారు తిరిగే లోకం వేరు. బి.ఇడి.లో తోడి విద్యార్థి, మూల్యాంకన శిబిరంలో ప్రక్క బల్ల మీద పేపర్లు దిద్దిన ఉపాధ్యాయిని, బదిలీ అయిపోయిన పాత ప్రధానోపాధ్యాయుడు, ఇట్టివారికి ఒక కార్డు ముక్క పాటి సందేశం పంపడానికి చాలమంది మొగమాటపడతారు. సిఫారసు వేరు, కబురు వేరు. ఖాళీ ఉన్నదా అని అడగడం ఎవరి హక్కునూ కాజేయడం కాదు.

ఎంత చక్కగా వ్రాసినా కాగితానికి దాటరాని గోడ ఒకటి ఉన్నది. ఐన్‌స్టైన్ ఆ 1908లోనే, ఉపాధ్యాయ పదవి కోసం ఒక విద్యాలయంవారిని స్వయంగా కలుసుకోవడమా మానడమా అని మిత్రుడైన గ్రాస్‌మన్‌ను సలహా అడిగాడు. తన యూదు రూపురేఖలు, అక్కడి యాస పలుకలేని నోరు తనకు చెరుపు చేస్తాయేమోనని ఆయన శంక. ఆ శంక మన దేశానికి దూరమైనది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ 2007లో ప్రచురించిన పరిశీలనలో, ఇంగ్లీషు దినపత్రికలలో పడిన ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు కల్పిత దరఖాస్తులు పంపారు. చదువు సమానం, అర్హత సమానం, పేర్లు వేరు. పై కులపు హిందూ పేరుతో పోల్చినప్పుడు దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం ఇంచుమించు మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడో వంతు. దరఖాస్తు తిరిగివచ్చిన ప్రతివాడూ తన వ్రాతలోనే లోపమున్నదనుకొని క్రుంగిపోవలసిన పని లేదని ఈ లెక్కలు చెబుతున్నవి. ఉద్యోగం ఇచ్చే స్థానంలో కూర్చున్నవారు, పాఠశాలల యాజమాన్యాలు కూడ, కాగితం తీసి పేరు మీద వ్రేలు ఉంచి చదవడం అలవాటు చేసుకొన్న యెడల కొంత మేలు జరుగును.

మోసాల మాట ఒక్కటి. పని ఇస్తామని ముందుగా రుసుము అడిగేవాడు పని ఇచ్చేవాడు కాడు. అసలు పట్టాలను తన వద్ద ఉంచమనే యాజమాన్యం విషయంలో కూడ జాగ్రత్త అవసరం. నకళ్లు ఇచ్చి అసళ్లు చూపితే చాలును.

పిలుపు వచ్చిన పిదప పాఠశాలలు సాధారణంగా ఒక పాఠం చెప్పి చూపమంటాయి. నాడు లియొనార్డో కోరిన ఉద్యానం ఇదే. ఇరవై నిమిషాలలో తన పాండిత్యమంతా కుమ్మరించడం కంటె, ఒక్క చిన్న అంశం తీసుకొని, వెనుక బల్లమీది పిల్లవానిచేత జవాబు చెప్పించగలిగిన వారిని ప్రధానోపాధ్యాయులు మరచిపోరు. ప్రస్తుత పాఠశాలను ఎందుకు విడుస్తున్నారని తప్పక అడుగుతారు. జీతం చాలదన్నది గౌరవమైన జవాబే. పాత యజమాని దోషాలు ఏకరువు పెట్టినవానిని, రేపు మనలను గురించి కూడ ఇట్లే చెబుతాడని అవతలివారు లెక్క వేసుకుంటారు.

ఉద్యోగం దొరికినదని పరుగెత్తరాదు. నియామక పత్రం చేతికి వచ్చేవరకు రాజీనామా ఇవ్వడం తెలివి కాదు. వచ్చిన తరువాత గడువు ఇవ్వకుండా వెళ్లడం న్యాయం కాదు. తక్కిన వృత్తులలో విడిచిపోయేది ఒక బల్ల, ఒక కుర్చీ. ఉపాధ్యాయుడు విడిచిపోయేది ఒక తరగతిని. జనవరిలో పదవ తరగతిని విడిచి వెళ్లవలసి వచ్చినవారు, ఏ పాఠం ఎంతవరకు అయినదో, ఏ పిల్లవాడు భిన్నాల దగ్గరనే ఆగిపోయినాడో, ఎవరికి బోర్డు కనబడదో ఒక నోటుపుస్తకంలో వ్రాసి వచ్చేవారికి అప్పగించి వెళ్లవచ్చును. ఆ పుస్తకం ఏ రెజ్యూమెకూ జత కాదు.